మిస్టర్ నోరు

వాల్దెసీర్ మాట్లాడటం మొదలుపెడితే ఒక పట్టాన ఆపడు. ఎండలో మైదానం మధ్య నిలబడి, టోపీ తీస్తూ పెట్టుకుంటూ, చేతులతో గాలిలో గీతలు గీస్తూ చెప్పుకుంటూ పోతాడు. మోకాళ్ల మీద చేతులు ఆనించుకుని వగరుస్తున్న ఆటగాళ్లకు అందులో ఒక్క ముక్క అర్థం కాదు. ఆయన బ్రెజిల్ మనిషి. పోర్చుగీసు తప్ప మరో భాష రాదు. వీళ్లు మాట్లాడేది తమ సొంత భాష తేతుం. బళ్లో చదివిన పోర్చుగీసు బడి గేటు దాటగానే అక్కడే వదిలేసినవాళ్లు. అందుకని ఆయన ఆగగానే అందరి తలలూ గోల్ పోస్టు వైపు తిరుగుతాయి. అక్కణ్ణుంచి జెఫెరీనో పరుగెత్తుకుంటూ రావాలి.

జెఫెరీనో జాతీయ జట్టులో గోల్ కీపర్. ముప్పై నాలుగేళ్లు నిండాయి. వయసులో ఉండగా ఏదో ఒక క్లబ్బులో చోటు దొరక్కపోతుందా అని పోర్చుగల్ వెళ్లాడు. ఏ క్లబ్బూ తీసుకోలేదు. కొన్నేళ్లు అక్కడి తోటల్లో వంగి స్ట్రాబెర్రీలు కోసి, నడుంనొప్పినీ భాషనూ వెంటబెట్టుకుని తన దేశ రాజధాని దిలీకి తిరిగొచ్చాడు. నడుంనొప్పి సంగతి జట్టులో ఎవరికీ చెప్పలేదు. భాష సంగతి కూడా చెప్పకుండా ఉండాల్సిందని ఇప్పుడు అనిపిస్తోంది. కోచ్‌కు పెట్టిన దుబాసీ ఏదో రాయబార కార్యాలయంలో ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. కొత్తవాణ్ణి చూస్తామన్నారు. చూడలేదు. ఆగ్నేయాసియా కప్పు డిసెంబరులో. దేశం మొత్తం ఎదురుచూస్తున్న పోటీ అది. ఈలోగా కోచ్ నోరు, జట్టు చెవులు అన్నీ జెఫెరీనోయే అయ్యాడు.

“ఏమంటాడన్నా?” అన్నాడు గాస్పార్. కుడివైపు వింగులో ఆడే కుర్రాడు. కాళ్లెంత చురుకో నోరూ అంతే.

“బంతి పోయాక నిలబడి చూడకండి, వెనక్కి పరుగెత్తండి అంటున్నాడు.”

“అంతసేపు వాగింది ఇంతేనా? మిగతాదంతా నువ్వు మింగేశావా ఏంటి?”

“మిగతాదంతా నీ గురించే. చెప్పమంటావా?”

అందరూ నవ్వారు. నిజానికి వాల్దెసీర్ అన్నది వేరు. ఈ గాస్పార్ అనేవాడు బంతి పోగానే ఫ్రిజ్‌లా నిలబడిపోతాడు, తలుపు తెరిస్తే లోపల లైటు కూడా వెలగదు అన్నాడు. ఇలాంటివి రోజుకు ఎన్నో. జెఫెరీనో వాటిని అక్కడికక్కడే పళ్లకింద నలిపేసి, పనికొచ్చే ముక్క మాత్రం ఇచ్చేవాడు. తర్వాత మళ్లీ గోల్ పోస్టుల మధ్యకు పరుగు. చేతి తొడుగులు సరిచేసుకునేలోపు ఇంకో కేక: “జెఫే!” మళ్లీ పరుగు.

జట్టు అతనికి ‘మిస్టర్ నోరు’ అని పేరు పెట్టింది. కోచ్‌ను అందరూ మిస్టర్ అనే పిలుస్తారు మరి.

సాధన అయిపోయినా పని అయిపోయేది కాదు. మిస్టర్ గదిలో కుళాయి పాడైతే జెఫెరీనో వెళ్లాలి. మిస్టర్‌కు కడుపు జారితే మందుల షాపులో ఆ ముచ్చట కూడా అతనే చెప్పాలి. షాపులో పిల్ల నవ్వు ఆపుకుంటూ మాత్రలిచ్చేది. ఇంటికి చేరేసరికి అతనికి నాలుక మొద్దుబారిపోయి ఉండేది. భార్య ఒలాందినా ఏమడిగినా తల ఊపేవాడు.

“ఊళ్లో అందరితో మాట్లాడతావు. ఇంటికొచ్చేసరికి గోడవైపోతావు” అనేది ఆమె. కోపంగా కాదు. ఆమె కూడా పొద్దున్నుంచీ సముద్రపు ఒడ్డున కొట్లో చేపలు కాల్చి, పొగకు కళ్లు మండి వచ్చేది. ఇద్దరూ పళ్లెంలో మొక్కజొన్న, గుమ్మడి, పెసలు కలిపి ఉడికించింది పెట్టుకుని, మిరపకాయ ముద్ద నంజుకుంటూ మాట లేకుండా తినేవాళ్లు.

అక్టోబరు చివర్లో సరిహద్దు అవతల కూపాంగ్ నుంచి ఒక క్లబ్బు జట్టు వచ్చి వీళ్లతో ఆడింది. ఆ ఏడు తొలి వాన ఆ రోజే కురిసింది. నేలంతా అడుసు. మొదటి సగం జెఫెరీనోను గోల్‌లో నిలబెట్టారు. కార్నర్ కిక్ వచ్చే క్షణంలో బెంచి మీంచి వాల్దెసీర్ ఏదో అరిచాడు. దాన్ని డిఫెండర్లకు తేతుంలో అరుస్తూ జెఫెరీనో ఒక్క క్షణం అటు తిరిగాడు. ఇటు తిరిగేసరికి బంతి వలలో ఉంది. రెండో గోల్‌కు ఆ సాకు కూడా లేదు. కుడివైపు దూకాల్సింది, నడుం ఒప్పుకోలేదు. బంతి చేతివేళ్లకు అంగుళం అవతల నుంచి జారిపోయింది.

రెండో సగానికి లీనోను దింపారు. అసలు పేరు నతాలీనో. తూర్పు కొసన కోం అనే చేపలరేవు నుంచి వచ్చినవాడు. ఇరవై మూడేళ్లు, పొడుగు చేతులు, తక్కువ మాటలు. వాడు ఆ అడుసులోనే పిల్లిలా దొర్లి ఎదురుగా దూసుకొచ్చిన రెండు బంతుల్ని ఆపాడు. రెండోదాన్ని ఆపినప్పుడు కూపాంగ్ వాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. జట్టులో మొదటి కీపర్ పావ్లినో అని ఎప్పుడో తేలిపోయింది. ఖర్చు తగ్గించుకోవడానికి ఈసారి ఇద్దరు కీపర్లే చాలన్నారు. ఆ రెండో చోటు కోసం జెఫెరీనో, లీనో.

బెంచి మీద తడిసి కూర్చున్న జెఫెరీనో అదంతా చూశాడు. చూసినవాడికి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

నవంబరు మొదట్లో పెద్దల దినానికి అందరికీ సెలవిచ్చారు. దిలీలో ఆ రోజు ఎవరూ ఇంట్లో ఉండరు. పూలు, కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల దగ్గరికి వెళ్తారు. జెఫెరీనో, ఒలాందినా బయల్దేరుతుంటే వాల్దెసీర్ కూడా వస్తానన్నాడు. ఆయన తల్లి పోయి ఏడాది తిరగలేదట. ఆమె సమాధి సముద్రాలకు అవతల ఉంది.

శాంతాక్రూజ్ శ్మశానంలో జనం భుజాలు రాసుకుంటున్నారు. ఒలాందినా అత్తగారి సమాధి కడిగి పూలు పరిచింది. వాల్దెసీర్ పక్కన ఒక కొవ్వొత్తి వెలిగించి, టోపీ చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఎప్పుడూ ఆగని మనిషి అప్పుడు నోరు మెదపలేదు. వెనక్కి నడుస్తుండగా మొదలుపెట్టాడు.

“జెఫే, నీ దగ్గర దాచడం నాకిష్టం లేదు. లీనో నీకంటే మంచి కీపర్.”

“తెలుసు మిస్టర్.”

“కానీ నిన్నే తీసుకెళ్తాను. లీనోను తీసుకెళ్తే అక్కడ నేను మూగవాణ్ణయిపోతాను. సిబ్బంది సీట్లన్నీ మీ ఫుట్‌బాల్ సంఘం పెద్దమనుషులు పంచేసుకున్నారు. దుబాసీకి చోటు లేదు. అడిగాను, బతిమాలాను. లేదన్నారు.”

ఒలాందినా మొగుడి మోచెయ్యి గిల్లింది. “ఏంటంటున్నాడు?”

“నన్ను తీసుకెళ్తానంటున్నాడు.”

ఆమె ఆగిపోయి, శిలువ గుర్తు వేసుకుని, వెనక్కి తిరిగి అత్తగారి సమాధి ఉన్న వైపు ఒక ముద్దు విసిరింది. ఆమె మొహం అంత వెలగడం అతను చూసి చాలా రోజులైంది. మిగతా ముక్క చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

ఎంపిక కాని వాళ్లకు ఆ సంగతి చెప్పడం తర్వాతి వారం జరిగింది. బంతులు, వలలు పడేసే గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు వేశారు. ఒక్కొక్కణ్ణీ లోపలికి పిలుస్తున్నారు. కోచ్ చెబుతాడు, జెఫెరీనో తేతుంలో అంటాడు. గాస్పార్ వచ్చాడు.

“నీ వేగం నాకిష్టం. కానీ ఆట చదవడం ఇంకా రాలేదు. రెండేళ్ల తర్వాత కప్పు నీదే” అన్నాడు వాల్దెసీర్. జెఫెరీనో ఒక్క అక్షరం మార్చకుండా చెప్పాడు.

గాస్పార్ కోచ్ వైపు చూడనే లేదు. “అన్నా, నీ పెళ్లిలో పందిని మోసుకొచ్చింది నేను. గుర్తుందా?”

“గుర్తుంది.”

“ఇలాంటి మాట చెప్పాల్సొస్తే నేనైతే నాలుక కొరుక్కునేవాణ్ణి.”

“నేను చెప్పకపోతే ఇంకెవరో చెబుతారు, తమ్ముడూ.”

“ఇంకెవరో చెప్పినా బాగుండేది” అని కుర్చీ తన్నేసి వెళ్లిపోయాడు.

“ఏమన్నాడు?” అని అడిగాడు వాల్దెసీర్.

“థాంక్స్ చెప్పమన్నాడు.”

ఆ పొద్దు అలా ఒకరి తర్వాత ఒకరు. ఒకడు ఏడ్చాడు. ఒకడు అసలు ఎందుకు పిలిచారో అర్థం కానట్టు నవ్వుతూ కూర్చున్నాడు, అతనికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. చివరికి లీనో వచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని పొడుగు చేతులు మోకాళ్ల మధ్య వేలాడేశాడు.

“నువ్వు చిన్నవాడివి. నీ టైం వస్తుంది. ఈసారి నాకు అనుభవం ఉన్న కీపర్ కావాలి” అన్నాడు వాల్దెసీర్, బల్లకేసి చూస్తూ.

జెఫెరీనో చెప్పాడు. ఆ తర్వాత, కోచ్ ఇంకేమీ అనకపోయినా, అతను ఆగలేదు.

“ఇది మిస్టర్ మాట. ఇప్పుడు నా మాట విను. అనుభవం మాట వట్టిది. నువ్వు నాకంటే మంచి కీపర్‌వి. నన్ను తీసుకెళ్తోంది నా భాష కోసం.”

లీనో తలెత్తాడు. “తెలుసన్నా. అందరికీ తెలుసు.”

ఆ మాట చెంపమీద కొట్టినట్టయింది. ఆ గుట్టు తనొక్కడే మోస్తున్నాననుకున్నాడు ఇన్నాళ్లూ.

“మరి నువ్వు రానని చెప్పొచ్చుగా?” అన్నాడు లీనో. గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది.

జెఫెరీనో పన్నెండేళ్లుగా ఈ జట్టుతో ఉన్నాడు. ఇన్నేళ్లలో జట్టు ఇంత దూరం వచ్చింది ఇప్పుడే. మళ్లీ వచ్చేనాటికి తను ఉండడు.

“చెప్పవులే. నేనైనా చెప్పను” అని లీనో లేచి, కోచ్‌తో చెయ్యి కలిపి, జెఫెరీనోతో కూడా కలిపి వెళ్లాడు. మర్నాడు పొద్దున్నే కోం బస్సెక్కేశాడని తెలిసింది.

ఆ సాయంత్రం కొట్టు కట్టేసే వేళకు జెఫెరీనో సముద్రపు ఒడ్డుకు వెళ్లి, ఒలాందినా చేపలు గుచ్చి కాల్చే పుల్లలు కడుగుతుంటే పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాడు. శ్మశానంలో మింగేసిన ముక్కతో సహా.

ఆమె చేతులు నీళ్లలోనే ఉంచి విన్నది. “నువ్వు రానంటే ఆ పిల్లాణ్ణి తీసుకుంటాడా?”

“తీసుకోక ఏం చేస్తాడు?”

“మరి ఆయనతో ఎవరు మాట్లాడతారు?”

“అది వాళ్ల గోల.”

“నిజంగా వాళ్ల గోలనే అనుకుంటే నీకు ఇంత నిద్ర పట్టకపోవడం దేనికి?” ఇంకో పుల్ల కడిగి పక్కన పెడుతూ అంది, “నేను చుట్టాలందరికీ చెప్పేశాను, టీవీలో కనిపిస్తావని. దాని గురించి ఆలోచించకు. వాళ్లకు నేనేదో చెప్పుకుంటా. నీకేం చెయ్యాలనుంది?”

“పడుకోవాలనుంది” అన్నాడు జెఫెరీనో. ఆమె నవ్వేసింది. తర్వాత ఇద్దరూ కొట్టు మీద టార్పాలిన్ కప్పి, దారంలాంటి వాన పడుతుండగా ఇంటికి నడిచారు.

మరో రెండు మూడు రోజులు అతను నడుస్తున్నా, స్నానం చేస్తున్నా పోర్చుగీసులో ఒకే మాట కూర్చుకుంటూ గడిపాడు. ‘మిస్టర్, నా చోటు లీనోకివ్వండి.’ చిన్న వాక్యమే. ఎన్నో మాటలు ఇటు నుంచి అటు చేరవేసినవాడికి తన సొంత మాట ఒకటి నోట్లోంచి దాటడం లేదు. చివరికి ఒక పొద్దున సాధన మొదలవ్వకముందే మిస్టర్ గది తలుపు తట్టాడు.

వాల్దెసీర్ మంచం మీద కూర్చుని ఫోనుకేసి చూస్తున్నాడు. గడ్డం గీసుకోలేదు. జెఫెరీనో నోరు తెరిచేలోపే అన్నాడు: “పావ్లినోకు డెంగ్యూ. ఆస్పత్రిలో చేర్చారు. ఇప్పుడే డాక్టరు ఏదో చెప్పాడు, నాకు అర్థం కాలేదు. ఒకసారి నువ్వు మాట్లాడు.”

డాక్టరుతో మాట్లాడాడు. నెల వరకు మంచం దిగకూడదట. ఆ సంగతి పోర్చుగీసులో చెప్పాడు.

“అయితే లీనోను పిలిపించు” అన్నాడు వాల్దెసీర్. “ఇంతకీ నువ్వెందుకొచ్చావు?”

“ఊరికే మిస్టర్.”

ఆ వాక్యం చెప్పేవాడో, గుమ్మం దాకా వచ్చినా ఆఖరి క్షణంలో మింగేసేవాడో జెఫెరీనోకు తర్వాత కూడా తేలలేదు. దాని గురించి ఎవరూ అడగలేదు, అతనూ ఎవరికీ చెప్పలేదు.

లీనోకు ఫోన్ చేస్తే గాలి హోరు, అలల చప్పుడు వినిపించాయి.

“నేను పడవలో ఉన్నా అన్నా. చచ్చిందెవరు?”

“ఎవరూ చావలేదురా. పావ్లినోకు డెంగ్యూ. నువ్వు వెంటనే బయల్దేరు.”

“పాపం అన్నా, వాడు నాకు బూట్లిచ్చాడు. ఇవే వేసుకుని రావాలి ఇప్పుడు” అన్నాడు లీనో.

అలా ఇద్దరికీ చోటు దొరికింది. పైగా వరసలో జెఫెరీనో ముందున్నవాడు. పావ్లినో తర్వాత అతనే అని కోచ్ తన నోటితోనే అందరికీ చెప్పాడు, జెఫెరీనో దాన్ని తన నోటితోనే తేతుంలో చెప్పుకున్నాడు. బయల్దేరేలోపు ఉన్న ఆ పదిరోజులూ అతనికి నడుంనొప్పి ఉందో లేదో తెలియలేదు. తెల్లారకముందే లేచి ఒడ్డున పరుగెత్తేవాడు. లీనోతో కిక్కులు కొట్టించుకునేవాడు, వాడికి కొట్టేవాడు. కిందపడి లేవడం కష్టమైనప్పుడు వాడు చెయ్యిచ్చి లేపేవాడు. ఒలాందినా నడుముకు నూనె రాస్తూ, “ముసలి గుర్రానికి కొమ్ములొచ్చాయి” అని ఎగతాళి చేసేది.

హనోయ్‌లో విమానం దిగేసరికి చలి. ఎముకల దాకా దిగే తడి చలి. ఎవరి దగ్గరా సరైన చొక్కాలు లేవు. ఒకరి తువ్వాలు ఒకరు మెడకు చుట్టుకున్నారు. మొదటి ఆట ఆతిథ్య జట్టుతోనే. ఆట ముందురోజు సాయంత్రం హోటల్లో భోజనాల గదిలో వాల్దెసీర్ అందరినీ కూర్చోబెట్టి రేపు ఆడేవాళ్ల పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు.

“గోల్‌లో లీనో.”

జెఫెరీనో తిన్నగా చెప్పేశాడు. “గోల్‌లో లీనో.” చెప్పాకే ఆ మాట తనకు వినిపించింది.

వాల్దెసీర్ అతనికేసి తిరిగాడు. “జెఫే, నిన్ను గోల్‌లో పెడితే బెంచి మీద నుంచి నా మాట వీళ్లకు చేరేదెలా? నువ్వు నా పక్కన ఉండాలి. ఇది కూడా వాళ్లకు చెప్పు.”

పోర్చుగీసు రాకపోయినా గదిలో అందరికీ సంగతి అర్థమైపోయింది. జెఫెరీనోకు కోపం తెచ్చుకోవాలనిపించింది. గిన్నె విసిరేసి గాస్పార్‌లా వెళ్లిపోతే బాగుండేది. ఆ ఓపిక కోసం ఒంట్లో వెతుక్కుంటే ఎక్కడా దొరకలేదు.

“నేను మిస్టర్ పక్కన కూర్చుంటాను. తర్వాతి పేర్లు వినండి” అన్నాడు.

లీనో ఎదురుగా తల వంచుకుని అన్నం కెలుకుతున్నాడు. భోజనాలయ్యాక వాడు దగ్గరికొచ్చి, “అన్నా...” అన్నాడు.

“ఏం మాట్లాడకురా. పోయి పడుకో. రేపు ఎడమవైపు నుంచి కొట్టేవాడున్నాడే, వాడు తన్నేముందు భుజం దించుతాడు. దానికి మోసపోకు, ఆగి దూకు. అంతే.”

ఆట రోజు ఆ స్టేడియంలో జనం గోల చెప్పనలవి కాదు. వేలమంది ఒకేసారి పాడుతుంటే పక్కన కూర్చున్నవాడి మాట పక్కవాడికి వినపడదు. వాల్దెసీర్ గీత దగ్గర నిలబడి గొంతు చించుకున్నాడు. ఆయన పక్కన జెఫెరీనో నోటి దగ్గర చేతులు దోసిలిపట్టి అంతకంటే గట్టిగా తేతుంలో అరిచాడు. ఇటువైపు అంచున ఆడుతున్న డిఫెండర్‌కు తప్ప ఎవరికీ ఒక్క మాట చేరలేదు. అతను కూడా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, వినపడటం లేదని తల అడ్డంగా ఊపాడు. పావుగంట తిరక్కుండా జెఫెరీనో గొంతు జీరపోయింది. ఇరవై నిమిషాలకు గాలి మాత్రమే వస్తోంది. అయినా వాల్దెసీర్ చెబుతూనే ఉన్నాడు, అతను నోరు కదుపుతూనే ఉన్నాడు.

గోల్‌లో లీనో ఒంటరిగా నిలబడి వచ్చినవన్నీ ఆపుతున్నాడు. ఒకటి తల మీంచి తోసేశాడు. ఒకటి మొహంతో ఆపాడు. ఎడమవైపువాడు భుజం దించి తన్నినప్పుడు లీనో కదలకుండా ఆగి, ఆ తర్వాత దూకాడు. బంతి వాడి ఛాతీకి హత్తుకుపోయింది. గీత దగ్గర జెఫెరీనో తనకు తెలియకుండానే రెండు చేతులూ గుండెకు అదుముకున్నాడు.

విరామంలో వాల్దెసీర్ గది మధ్యకు వచ్చి, నోరు తెరిచి, మూసుకుని, కూర్చుండిపోయాడు. “నా దగ్గర ఏమీ లేదు. నువ్వే చెప్పు” అన్నాడు. జెఫెరీనో గొంతులోంచి రావలసినది రాలేదు. నీళ్ల సీసాలు తీసి ఒక్కొక్కరి చేతిలో పెట్టుకుంటూ పోయాడు.

గోల్ లేకుండా ముగుస్తుందనుకున్న ఆట చివర్లో తేలిపోయింది. కార్నర్ కిక్కు, గుంపులో ఎవరి కాలో తగిలి బంతి లోపలికి దొర్లింది. లీనో తప్పు కాదు. ఎవరి తప్పూ కాదు. ఒక గోల్ తేడాతో ఓడిపోయారు. పెద్ద దేశాల చేతుల్లో సంచులకొద్దీ గోల్స్ తిని తలదించుకు వచ్చే జట్టుకు ఇది ఓటమిలా అనిపించాలో లేదో కూడా తెలియలేదు. ఆతిథ్య జట్టు కీపర్ ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి వచ్చి లీనోతో చొక్కా మార్చుకున్నాడు.

హోటలుకు వెళ్లే బస్సులో సగం మంది కూర్చున్నచోటే నిద్రపోయారు. వాల్దెసీర్ ముందు సీట్లో టోపీ కళ్లమీదికి లాక్కున్నాడు. జెఫెరీనో కిటికీ పక్కన కూర్చుని ఒలాందినాకు ఫోన్ చేశాడు. మాట రాక దగ్గాడు.

“గొంతు పోయిందా? పోతుంది మరి. టీవీలో చూశాంగా” అంది ఆమె. “సరే నువ్వేం మాట్లాడకు, విను. మన వాళ్లంతా మనింట్లోనే ఉన్నారు. కాఫీ అయిపోయింది, పక్కింటి నుంచి తెచ్చాను. నువ్వు రెండుసార్లు కనిపించావు. రెండోసారి చేతులు ఊపుతున్నావు, మీ మేనత్త నిన్ను చూసి కోచ్ అనుకుంది. వింటున్నావా?”

అతను ఫోనును వేలితో తట్టాడు, వింటున్నానన్నట్టు.

“ఆ పిల్లాడు బాగా ఆడాడు. వాళ్లమ్మ మా తమ్ముడికి ఫోన్ చేసి ఏడ్చిందట. నువ్వు కూడా ఆడితే చూద్దామనుకున్నా, అది నిజమే. ఇక్కడ వాన ఆగలేదు. వంటింటి మూల కారుతోంది, గిన్నె పెట్టాను...”

ఆమె చెబుతూనే ఉంది. అతను అద్దానికి తల ఆనించాడు. చల్లగా ఉంది. బయట పసుపు లైట్ల కింద తడిసిన రోడ్ల మీద స్కూటర్లు బారులు తీరి పోతున్నాయి. తర్వాతి ఆట మూడు రోజుల్లో ఉంది. రేపు పొద్దున్నే సాధన. అప్పటికి గొంతు రాకపోతే ఏం చెయ్యాలో మిస్టర్ ఆలోచించుకోవాలి. ఆమె ఇంటి కప్పు మీద రేకు సంగతి ఎత్తుకునేసరికి జెఫెరీనోకు కళ్లు మూతలుపడ్డాయి. ఫోను చెవి దగ్గరే ఉంది.